యానాం: ఆంధ్రలో లేని తెలుగు ఊరు

యానాం అనగానే మనవాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేవి రెండు. ఒకటి గోదారి వరదకి ఎదురీదే పులస, రెండోది పక్క ఊళ్ళకంటే చవగ్గా దొరికే మందు. ఇంకొంచెం తెలిసినవాళ్ళు "అది ఫ్రెంచివాళ్ళ ఊరు కదా" అంటారు. మూడూ నిజమే. కానీ సొంత రాష్ట్రం బయట స్థిరపడ్డ మనలాంటి కుటుంబాలకి యానాం ఇంకో రకంగా దగ్గర ఊరు. చుట్టూ అన్ని వైపులా ఆంధ్రప్రదేశ్ ఉంది, ఊళ్ళో వినిపించేది అచ్చమైన గోదావరి యాస. అయినా ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో లేదు. పుదుచ్చేరి అనే కేంద్రపాలిత ప్రాంతంలో ఒక ముక్క. అక్కడ పుట్టిన మనిషి ఊరు దాటకుండానే ప్రవాసాంధ్రుడు అన్నమాట.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒక గడిలో 1 నుంచి 100 వరకు అంకెలు తీసుకుంటుందంటే మేము యాభై వేసి చూడం. 0, 1, 100, 101 వేసి చూస్తాం. నియమం సరిగ్గా ఉందో లేదో అంచుల్లోనే తెలుస్తుంది. "తెలుగువాళ్ళు అంటే ఎవరు, తెలుగు నేల అంటే ఏది" అనే ప్రశ్నకి విజయవాడని చూస్తే జవాబు తేలిగ్గా వస్తుంది గానీ అందులో కొత్తగా తెలిసేదేమీ ఉండదు. యానాం లాంటి అంచు ఊరు చూస్తే ఆ ప్రశ్న అసలు రంగు బయటపడుతుంది. అందుకే ఈసారి ఈ ఊరి గురించి రాస్తున్నాను.

ఊరు ఎక్కడుంది, ఎంతుంది

గోదావరి పాయల్లో ఒకటైన గౌతమి సముద్రంలో కలవబోయే ముందు, కోరంగి నది దాన్నుంచి చీలే చోట యానాం ఉంది. కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. ఏటికి అవతల కోనసీమ. ఊరి విస్తీర్ణం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది. అంతకు పదేళ్ళ ముందు, 2001లో, 31,394 మందే ఉండేవారు. ఫరంపేట, కనకాలపేట, మెట్టకూరు, అడివిపొలం, ఇసుకతిప్ప, దరియాలతిప్ప ఇలాంటి పేర్లన్నీ ఈ మునిసిపాలిటీలోవే. పేర్లు వింటే చాలు, ఇది ఇసుకా, పొలమూ, ఏరూ కలిసిన తెలుగు పల్లెల గుంపని తెలిసిపోతుంది.

రాజధాని పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల పైన దూరం. పుదుచ్చేరికి వేరే హైకోర్టు లేదు, మద్రాసు హైకోర్టే. అంటే యానాంలో మొదలైన కోర్టు వ్యవహారం పైదాకా వెళ్తే మన చెన్నైలో, పారీస్ కార్నర్ పక్కనున్న ఎర్ర భవనానికే రావాలి. పారిస్ పాలన పోయి పారీస్ కార్నర్ వచ్చిందని మా ఇంట్లో నవ్వుకుంటాం. చెన్నైలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు కాకినాడలో దిగే తెలుగువాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అదే దారిన కోర్టు కాగితాలు పట్టుకుని ఇటు వచ్చే యానాం వాళ్ళూ ఉంటారు.

బట్టల వ్యాపారం, తుపాన్లు, పడవలు

ఫ్రెంచివాళ్ళు యానాంకి వచ్చింది 1723లో. వ్యాపారం గిట్టుబాటు కాక 1727లో వదిలేశారు. మళ్ళీ 1731లో వచ్చి పాతుకున్నారు. వాళ్ళకి కావలసింది మన నేత బట్ట. ఆ రోజుల్లో గోదావరి డెల్టా నేతకి ఐరోపాలో ఎంత పేరుండేదంటే, నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరే ఒక రకం బట్టకి పేరై "మదపోలం" అని ఫ్రెంచి నిఘంటువుల్లోకి ఎక్కింది. యానాం పక్కనే ఉన్న ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ కొట్టు ఉండేది. నడిచిపోయేంత దూరంలో రెండు దేశాల కంపెనీలు, మధ్యలో మన సాలెవాళ్ళు. ఇక ఐరోపాలో ఆ రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చినప్పుడల్లా యానాం చేతులు మారేది. 1793లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నది 1814 పారిస్ సంధి తర్వాత గానీ ఫ్రెంచివాళ్ళకి తిరిగి రాలేదు.

1793లో ఇంగ్లీషువాళ్ళు ఊరు పట్టుకున్నప్పుడు యానాంలో అధికారిగా ఉన్నవాడు పియెర్ సొన్నెరా. అతను మామూలు గుమాస్తా కాదు, పేరున్న ప్రకృతి పరిశోధకుడు. మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడికి శాస్త్రీయ నామంలో ఇప్పటికీ అతని పేరే ఉంది. ఇంగ్లీషువాళ్ళు అతన్ని చాలా ఏళ్ళు పుదుచ్చేరిలో బందీగా ఉంచారు.

యుద్ధాలకంటే ఎక్కువ దెబ్బ కొట్టింది సముద్రం. యానాంకి ఆనుకునే ఉన్న కోరంగి ఆ కాలంలో పెద్ద రేవు, ఓడలు కట్టే చోటు. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన దాన్ని ముంచేసింది. 1839 నవంబరు 25న వచ్చినది మిగిలినదాన్ని తుడిచిపెట్టేసింది. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇలాంటి గాలివానల్ని వరసగా అధ్యయనం చేశాడు. 1789 కోరంగి ఉప్పెన గురించి కూడా రాశాడు. "సైక్లోన్" అనే మాటని లోకానికి ఇచ్చింది ఆయనే, 1848లో. ఇవాళ ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన గోదావరి ఒడ్డు చావులు కూడా ఉన్నాయి.

రేవు పోయినా పేరు పోలేదు. ఈ తీరం నుంచి బర్మాకి వెళ్ళిన తెలుగు కూలీల్ని రంగూన్‌లో "కోరంగీలు" అనేవారు. ఆ పిలుపులో గౌరవం ఉండేది కాదు. మునిగిపోయిన ఒక రేవు పేరు సముద్రానికి అవతల ఒక జాతి పేరైంది. యానాం నుంచి ఇంకో దారి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి వెళ్ళింది. ఫ్రెంచివాళ్ళ చెరుకు తోటల్లో ఒప్పందపు పనికి భారతీయుల్ని తీసుకెళ్ళడం ఎక్కడ మొదలైందని చూస్తే, 1828 ప్రాంతంలో యానాం నుంచి పడవెక్కిన కొద్దిమంది తెలుగువాళ్ళ దగ్గర తేలుతుంది. బ్రిటిష్ పాలనలోని దేశాలకి కూలీల ఓడలు లెక్కకు మించి కదిలింది ఆ తర్వాతే. ఇవాళ అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్ళు "మన తెలుగువాళ్ళు బయటికి ఎప్పుడు వెళ్ళారు" అని అడిగితే, ఐటీ కంపెనీల దగ్గర మొదలుపెట్టకండి. ఈ చిన్న రేవు దగ్గర మొదలుపెట్టండి.

మేయరు ఉన్న పల్లె

ఇప్పుడు మునిసిపాలిటీ సంగతికి వద్దాం. 1880 మార్చి 12న పారిస్ నుంచి ఒక శాసనం వచ్చింది. దాంతో ఫ్రెంచి భారతం మొత్తాన్ని పది కమ్యూన్లుగా విడదీశారు. కమ్యూన్ అంటే మన మునిసిపాలిటీ లాంటిదే. పుదుచ్చేరి వైపు నాలుగు, కారైక్కాల్ వైపు మూడు, చందర్‌నగర్, మాహే, యానాం ఒక్కొక్కటి. ప్రతి కమ్యూన్‌కి ఎన్నికైన సభ్యులు, వాళ్ళలోంచి ఒక మేయరు. అంతకుముందే, 1871 నుంచి, ఫ్రెంచి భారతం పారిస్ పార్లమెంటుకి ఒక ప్రతినిధిని కూడా ఎన్నుకునేది.

బ్రిటిష్ వైపు చూడండి. రిప్పన్ దొర స్థానిక స్వపరిపాలన తీర్మానం వచ్చింది 1882లో. చెన్నై కార్పొరేషన్ తెల్ల భవనానికి రిప్పన్ బిల్డింగ్ అని పేరు పెట్టింది ఆయన మీద గౌరవంతోనే. ఆ తీర్మానం తర్వాత కూడా మద్రాసు ప్రెసిడెన్సీ మునిసిపాలిటీల్లో ఓటు కావాలంటే పన్ను కట్టే స్తోమత ఉండాలి. ఏటికి ఇవతల యానాంలో మాత్రం పెద్దవయసు మగవాళ్ళందరికీ ఓటు. వినడానికి ఎంతో బాగుంది. కానీ ఓటర్ల జాబితాలు వేరువేరు. కొద్దిమంది యూరోపియన్లకి ఒక జాబితా, వేలమంది భారతీయులకి ఇంకో జాబితా, రెండిటికీ సీట్లు మాత్రం లెక్క ప్రకారం కావు. పైగా ఎన్నికల్లో కర్రలు, దొంగ ఓట్లు, పెద్దల పెత్తనం, ఇవన్నీ ఫ్రెంచి భారతంలో మామూలే. అయినా ఒక చేపలరేవు మనిషికి "మా ఊరి మేయరు" అనే మాట మూడు తరాల పాటు అలవాటైపోయింది. ఆ అలవాటు చిన్నది కాదు.

1881లో ఇంకో శాసనం వచ్చింది. ఎవరైనా తమ కులాచారాన్ని, స్వంత ధర్మశాస్త్రాన్ని వదులుకుంటామని రాసిస్తే ఫ్రెంచి సివిల్ చట్టం కిందకి రావచ్చు. అలా రాసిచ్చినవాళ్ళు కొత్తగా ఇంటిపేరు కూడా పెట్టుకోవాలి. మిగిలిన వాళ్ళకి మాత్రం పెళ్ళి, వారసత్వం లాంటివి వాళ్ళ ఆచారం ప్రకారమే జరగాలని 1819 నుంచీ నియమం. ఈ నియమం గుర్తుపెట్టుకోండి, కింద పెళ్ళిళ్ళ కథలో దీనితోనే పని.

కాగితాల మీద ఫ్రెంచి, వీధిలో తెలుగు. రెండూ కలిసినచోట మన పేర్లు ఎలా మారాయో చూస్తే సరదాగా ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళ లెక్కలో "నాయుడు" చివర ఒక్క "యు" చాలు. యానాం పాత కాగితాల్లో "ఓ", "యు" రెండూ ఉంటాయి. "శెట్టి"లోని "శ"కి ఇంగ్లీషులో "ఎస్" వేస్తే అక్కడ "సి", "హెచ్" వేస్తారు. ఇప్పటికీ యానాం నాయకుల పేర్లు అధికారిక జాబితాల్లో అలాగే కనిపిస్తాయి. సింధనూరు దగ్గరి క్యాంపులో కన్నడ మీడియంలో చదివిన నాకు ఇది కొత్త కాదు. మా బడి రిజిస్టర్‌లో మా ఇంటిపేరు కన్నడ అలవాటు ప్రకారం ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. పేరు రాసే చెయ్యి ఎవరిదైతే అక్షరాలు వాళ్ళవే. పిలిచే నోరు మాత్రం మనది.

కళ్యాణపురం

మా ఇంట్లో యానాం పేరు వినడం మొదలైంది పెళ్ళి కథతో. 1929లో బాల్యవివాహ నిరోధక చట్టం, అదే శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. చుట్టుపక్కల జిల్లాలన్నీ బ్రిటిష్ మద్రాసు ప్రెసిడెన్సీలోవి కాబట్టి ఆ చట్టం అక్కడ పనిచేస్తుంది. యానాం ఫ్రెంచి నేల, పెళ్ళి అక్కడ ఆచారం ప్రకారమే. ఇంకేముంది, పెళ్ళివారు పిల్లల్ని పడవల్లో ఎక్కించుకుని ఏరు దాటేవారు. ముహూర్తాల రోజుల్లో యానాం వీధులనిండా పందిళ్ళే. ఊరికి "కళ్యాణపురం" అని పేరొచ్చింది.

మా తాతమ్మ పెళ్ళి అలా జరిగినదే. 1931, ఆమెకి పదేళ్ళు. ఈ కథ మాకు మా మామ్మ చెప్పేది, తన అత్తగారి నోట విన్నది. "మీ తాతమ్మకి పెళ్ళంటే కొత్త పరికిణీ, పడవ ప్రయాణం, ఎర్ర టోపీ పెట్టుకున్న సిపాయి, అంతేరా. తాళి కట్టింది గుర్తులేదు గానీ ఆ టోపీ గుర్తుందనేది" అని. (ఆ ఎర్ర టోపీ పుదుచ్చేరి పోలీసులకి ఇప్పటికీ ఉంది. బీచ్ రోడ్డులో చూసే ఉంటారు.) ఇంట్లో ఈ కథ ఎప్పుడు చెప్పినా మగవాళ్ళు నవ్వేవారు. తెల్లవాడి చట్టానికి మనవాళ్ళు ఎలా టోపీ వేశారో అన్నట్టు చెప్పుకునేవారు.

కానీ లెక్క సరిగ్గా చూద్దాం. ఆ చట్టం తెల్లవాడు మనమీద రుద్దినది కాదు. శాసనసభలో దాన్ని తెచ్చింది హర్ బిలాస్ శారదా అనే భారతీయుడు. దానికోసం పోరాడింది మన ఆడవాళ్ళ సంఘాలు. గోదావరి జిల్లాల్లోనే వీరేశలింగం గారు అంతకు యాభై ఏళ్ళ ముందు నుంచి ఈ దురాచారం మీద రాసి, పోట్లాడి, వితంతు వివాహాలు చేయించారు. ఆయన రాజమండ్రికీ మా వాళ్ళ ఊరికీ ఎంతో దూరం లేదు. అయినా మా పెద్దవాళ్ళు పడవెక్కారు. సరిహద్దు అనేది కొందరికి స్వేచ్ఛనిస్తే కొందరి నుంచి దాన్నే లాక్కుంటుంది. మా తాతమ్మ బడికి వెళ్ళలేదు, సంతకం రాదు. కుటుంబ చరిత్ర రాసుకునేటప్పుడు ఆ నవ్వుతోపాటు ఈ మాట కూడా రాసిపెట్టాలనిపించింది.

1954: ఎటువైపు

1947లో బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళిపోయారు, ఫ్రెంచివాళ్ళు వెళ్ళలేదు. చందర్‌నగర్ 1949 జూన్‌లో ఓటేసి భారతదేశంలో కలవాలని తేల్చుకుంది, చివరికి పశ్చిమ బెంగాల్‌లో భాగమైంది. మిగిలిన నాలుగు ఊళ్ళూ ఇంకో ఐదేళ్ళు నలిగాయి.

ఈలోగా చుట్టూ ఏం జరుగుతోందో మనకి తెలుసు. మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. భాష ఆధారంగా ఏర్పడ్డ ఆ రాష్ట్రం సరిగ్గా యానాంని చుట్టుకుని నిలబడింది.

1954 జూన్ 13, ఆదివారం. ఫరంపేటలో పుట్టి, పుదుచ్చేరిలో ఫ్రెంచి పోలీసు ఉద్యోగం చేసి, తర్వాత విలీన ఉద్యమంలోకి వచ్చిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో జనం ఆంధ్ర వైపు నుంచి యానాంలోకి నడిచారు. అధికార భవనం మీద మూడు రంగుల జెండా ఎగిరింది, ఫ్రెంచి జెండా కాదు, మనది. అంతా శాంతంగా జరగలేదు, ప్రాణాలు కూడా పోయాయి. ఊళ్ళో ఫ్రెంచి పక్షాన నిలబడ్డ తెలుగువాళ్ళూ ఉన్నారు, విలీనం కోరిన తెలుగువాళ్ళూ ఉన్నారు. దడాల తర్వాత తన జ్ఞాపకాలు పుస్తకంగా రాశారు.

అదే ఏడు అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో అసలు తీర్పు జరిగింది. ఓటేసింది ఎవరనుకుంటున్నారు? ప్రతినిధుల సభ సభ్యులు, మునిసిపల్ కౌన్సిలర్లు. మొత్తం 178 మంది. విలీనానికి 170, వ్యతిరేకంగా 8. 1880లో మొదలైన ఆ చిన్న కౌన్సిళ్ళే చివరికి దేశం మారే ఓటు వేశాయి. నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించి అది చట్టబద్ధమయ్యేసరికి 1962 ఆగస్టు 16. అందుకే పుదుచ్చేరి ప్రాంతంలో ఆగస్టు 15 మర్నాడు ఇంకో జెండా వందనం ఉంటుంది.

ఆ ఒప్పందంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. ఈ ఊళ్ళకి ఉన్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగాలి, మార్చాలంటే అక్కడి ప్రజల అభిప్రాయం తెలుసుకున్నాకే మార్చాలి. యానాం భారతదేశంలో కలిసింది. ఆంధ్రలో కలవలేదు. 1956లో తెలంగాణ కూడా కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడూ కలవలేదు. 1979 జనవరిలో మొరార్జీ దేశాయ్ ప్రధానిగా ఉండగా ఈ ప్రాంతాలని పక్క రాష్ట్రాల్లో కలిపేస్తారన్న మాట బయటికి వచ్చినప్పుడు పుదుచ్చేరిలో పెద్ద ఆందోళన జరిగి ఆ ఆలోచన అక్కడే ఆగింది.

ఎందుకు కలవలేదు అని మనవాళ్ళు అడుగుతుంటారు, ఏదో తప్పు చేసినట్టు. లెక్క వేసి చూడండి. 30 మంది ఎన్నికైన సభ్యులున్న పుదుచ్చేరి శాసనసభలో యానాంకి ఒక సీటు. అంటే యాభై ఐదు వేల జనానికి ఒక ఎమ్మెల్యే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో ఎమ్మెల్యే వెనక దాదాపు రెండున్నర, మూడు లక్షల జనం ఉంటారు. ఆంధ్రలో కలిస్తే యానాం ఏదో నియోజకవర్గంలో ఒక మండలం ముక్క అయ్యేది. ఇక్కడ యానాం మనిషి కామిశెట్టి పరశురాం నాయుడు గారు తమిళులు ఎక్కువగా ఉన్న సభకి స్పీకర్ అయ్యారు. 2021లో ముఖ్యమంత్రి అభ్యర్థి రంగసామి గారే ఇక్కడ నిలబడి ఒక స్వతంత్ర యువకుడి చేతిలో ఓడిపోయారు. చిన్న ఊరికి అలాంటి మాట చెల్లుబాటు ఇంకెక్కడ దొరుకుతుంది?

భాష నిలిచింది, కౌన్సిల్ నిలవలేదు

తెలుగు సంగతి ఏమైంది? 1965లో వచ్చిన అధికార భాషా చట్టం పుదుచ్చేరికి తమిళాన్ని పాలనా భాష చేస్తూనే, మాహేలో మలయాళం, యానాంలో తెలుగు వాడుకోవచ్చని చెప్పింది. బళ్ళలో చాలాకాలం ఆంధ్ర పాఠ్యపుస్తకాలే నడిచాయి. సాహిత్యంలో యానాం ఎప్పుడూ వెనకబడలేదు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారి చిన్నతనం ఇక్కడ గడిచింది. మన కాలంలో కవి శిఖామణి ఇక్కడివారే. దాట్ల దేవదానం రాజు గారు యానాం మీద కథలు రాశారు. బొల్లోజు బాబా గారు "ఫ్రెంచిపాలనలో యానాం" అని చరిత్రే రాశారు. తమ ఊరి కథ తామే రాసుకున్న ఊరు ఇది. ఆంధ్రలో ఉన్న ఎన్ని మునిసిపాలిటీలకి ఆ భాగ్యం ఉంది?

కాబట్టి రాష్ట్రం లేకపోతే భాష పోతుందన్న భయానికి యానాం జవాబు చెప్పింది. చట్టంలో చోటు, బడిలో పుస్తకం, ఊళ్ళో రాసేవాళ్ళు, ఈ మూడూ ఉంటే భాష నిలబడింది. మా క్యాంపులో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. తుంగభద్ర నీళ్ళు వచ్చాక మా తాతయ్యలాంటి గోదావరి రైతులు వెళ్ళి స్థిరపడ్డ చోటు అది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు కాబట్టి నేను పెద్దయ్యాక తెలుగు అక్షరాలు ఒక నెలలో పట్టుకున్నాను. కానీ మా బాబాయి పిల్లలు పట్టుకోలేదు, వాళ్ళకి ఆ అవసరం రాలేదు. చెన్నైలో పుట్టిన మా పాపకి రెండు లిపులూ దూరమే.

అయితే యానాం కథలో ఒక వెలితి కూడా ఉంది, దాన్ని చెప్పకపోతే పొగడ్త అవుతుంది. పుదుచ్చేరి ప్రాంతాల్లో మునిసిపల్ ఎన్నికలు 1968లో జరిగాయి. ఆ తర్వాత మళ్ళీ జరిగింది 2006లో. మధ్యలో 38 ఏళ్ళు. 2006లో గెలిచినవాళ్ళ గడువు 2011లో అయిపోయింది. 2021లో ఎన్నికలకి ప్రకటన వచ్చింది గానీ రిజర్వేషన్ల వివాదం మద్రాసు హైకోర్టుకి చేరి ఆగిపోయింది. 1880లోనే మేయరుని చూసిన ఊరు, కౌన్సిలర్లు ఓటేసి దేశాన్నే ఎంచుకున్న ప్రాంతం, స్వతంత్రం వచ్చాక ఎక్కువ ఏళ్ళు అధికారుల సంతకాలతోనే నడిచింది. వీధిదీపం, మురుగుకాలువ, మంచినీళ్ళ గురించి అడగాలంటే వార్డు మెంబరు లేడు. ఎమ్మెల్యే ఉన్నారు, ఆయన పైన ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ప్రభుత్వం ఉంది.

ఈ దూరం మామూలు రోజుల్లో తెలియదు. కష్టం వచ్చినప్పుడు తెలుస్తుంది. 1986 గోదావరి వరద, 1996 నవంబరు తుపాను ఈ ఊరిని అతలాకుతలం చేశాయి. 2012 జనవరిలో ఒక సిరామిక్స్ ఫ్యాక్టరీ గొడవలో పోలీసు లాఠీచార్జి తర్వాత కార్మిక నాయకుడు చనిపోయాడు, ఆ వెంటనే ఆ ఫ్యాక్టరీ పెద్ద అధికారి జనం చేతిలో చనిపోయాడు. పన్ను రాయితీలు చూసి పరిశ్రమలు వచ్చాయి, జనాభా పదేళ్ళలో ఇరవై నాలుగు వేలు పెరిగింది. కానీ ఆ జనానికి, యజమానులకి మధ్య మాట నడిపే స్థానిక సభ ఆ రోజుకి లేదు. సభ ఉంటే ఆ చావులు ఆగేవని నేను అనను. అడిగే చోటు ఒకటి ఉండటం, లేకపోవడం ఒకటి కాదు అంటున్నానంతే.

మనం బయట ఉన్నవాళ్ళం "తెలుగు, తెలుగు" అని భాష గురించే బాధపడతాం. పిల్లలు పద్యం చెప్తే మురిసిపోతాం. భాషతోపాటు మనం ఉన్న ఊరి పనిలో మన చెయ్యి ఉందా అనేది కూడా చూసుకోవాలి. చెన్నైలో మన కాలనీలో కార్పొరేషన్ కౌన్సిలర్ పేరు ఎంతమందికి తెలుసు? వార్డు సభకి ఎంతమంది వెళ్ళాం? యానాం వాళ్ళకి ఓటేసే అవకాశం దశాబ్దాల తరబడి రాలేదు. మనకి వచ్చినప్పుడు, సెలవు దొరికిందని ఊరెళ్ళిపోతాం.

యానాం చూడాలనుకుంటే వర్షాకాలం చివర్లో వెళ్ళండి. పులస కోసం జేబు గట్టిగా ఉండాలి. మీసాల వెంకన్న గుడి, పాత చర్చి, గౌతమి గట్టు, ఎదుర్లంక వంతెన అన్నీ ఒక్క పూటలో చూసెయ్యొచ్చు. వంతెన మీద ఆగి కోనసీమ వైపు చూస్తే, పెళ్ళి పడవలు ఎంత దూరం దాటేవో అర్థమవుతుంది.

చివరిగా ఒక పని. గోదావరి మూలాలున్న కుటుంబాలు చాలావాటిలో "మా పెద్దమ్మ పెళ్ళి యానాంలో" అనే మాట ఉంటుంది. మీ ఇంట్లోనూ ఉంటే పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. ఏ సంవత్సరం, ఏ ఊరి నుంచి పడవెక్కారు, పెళ్ళికూతురి వయసెంత, తర్వాత ఆమె చదువుకుందా. నాలుగు ముక్కలు తేదీ వేసి రాసిపెట్టండి. తెలుగులో రాయడం రాకపోతే కన్నడలోనో, తమిళంలోనో, ఏ అక్షరాల్లో వస్తే ఆ అక్షరాల్లో రాయండి. చెప్పగలిగినవాళ్ళు ఇంకా కొన్నేళ్ళే ఉంటారు.